‘ఫామిన్’ అను మాట యెక్కడికి పోయినది?

గడచిన పంటకాలమున మా పట్టణమునకు పడమటనున్న కొన్ని గ్రామముల రైతులు అర్జీ వ్రాయించుకొనుటకై మా యొద్దకు వచ్చిరి. వారు చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాసి, పైవారికి పంపుటకు వలసివచ్చునని ఇంగ్లీషు ప్రతి నొకదానిని జతపఱచితిమి. తెలుగున ‘కరువు’ అని యున్నచోట ఇంగ్లీషున ‘ఫామిన్’ అని వ్రాసితిమి. కచేరీలోని యుద్యోగి ఆ కాగితమును చూచి, కోపింపక, కసరక, మిక్కిలి మర్యాదతోడనే, “వకీలుగారూ, తెలుగు ప్రతి యట్లే యుండనిండు. ఈ ఇంగ్లీషు మాటను మాత్రము మార్చి తెండు. ఆ మాట ఇప్పుడు మా కాగితములలో లేదు” అనెను. మఱి యేమి వ్రాయవలయునని యడుగగా, ‘వర్షపాతములో లోటు’ అని వ్రాయుమని సెలవిచ్చెను.

మా వెంట వచ్చిన రైతులలో నొక పెద్దమనిషి, ఇంగ్లీషు రాకపోయినను సంగతి గ్రహించి, “ఏం సామీ, పేరు మారిస్తే కరువు పోతాదా?” అని యడిగెను. ఉద్యోగి నవ్వెను. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప మాత్రము మాకు నవ్వు రాలేదు. ఉన్న మాట యేల లేకపోయినది? ఎవరు తీసివేసిరి? ఎప్పుడు? ఆ పెద్దమనిషి ప్రశ్నకు మేమిచ్చు ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

మొదట ఆ మాట పుట్టుక చూతము. లాటిను భాషలో ‘ఫామెస్’ అనగా ఆకలి. దానినుండి ఫ్రెంచివారు ‘ఫామిన్’ను చేసికొనిరి, వారియొద్దనుండి పదునాలుగవ శతాబ్దమున ఇంగ్లీషువారు తీసికొనిరి. ఇటలీ దేశమున నేటికిని ఆకలిగొన్నవాడు ‘ఫామె’ యనియే చెప్పుకొనును. ఈ మాట పుట్టుకలో వాన లేదు, చావు లేదు. ఆకలి యొక్కటియే కలదు. దీనిని మనసున నుంచుకొనుడు, ముందు పనికివచ్చును. దీని చుట్టములవలె ఇంగ్లీషున మఱి మూడు మాటలు కలవు. ‘డర్త్’ అనునది ‘డియర్’ నుండి వచ్చినది. మన ‘ప్రియము’ వలెనే వారి ‘డియర్’కును రెండర్థములు: ఇష్టమైనది, వెల హెచ్చినది. ‘స్కేర్సిటీ’ యనగా కొఱత. ‘డ్రౌట్’ అనగా పొడితనము, ఎండ. ఒకటి అంగడిని చూచి పుట్టినది, ఒకటి గాదెను చూచి పుట్టినది, ఒకటి ఆకాశమును చూచి పుట్టినది. మనుష్యుని కడుపును చూచి పుట్టినది ‘ఫామిన్’ మాత్రమే. కచేరీవారికి మొదటి మూడింటితో స్నేహము కుదిరి ఈ నాల్గవదానితో మాత్రము పొత్తు కుదరకపోవుట కాకతాళీయము కాదని మా నమ్మకము.

మన భాషలో నీ విషయమున దారిద్ర్యము లేదు, ఉండిన బాగుండెడిది. సంస్కృతమునుండి వచ్చిన ‘క్షామము’నకు మూలార్థము చిక్కిపోవుట, కృశించుట. ‘దుర్భిక్షము’ అనగా భిక్ష దొరకని కాలము. తినువానికి లేకపోవుటయే కాక, పెట్టువానికిని లేకపోవుట. 1866లో కరువు వచ్చినప్పుడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెఱచి వేలమందికి అన్నము పెట్టెను. ఆయన దానమును విని విక్టోరియా రాణి బంగారు పతకమును పంపెను. ఆ యేట ఆ చుట్టుపట్ల క్షామమున్నను ఆయన వాకిట దుర్భిక్షము లేదని చెప్పవచ్చును. ఇక ‘కరువు’ మన సొంతమాట. పండితులు దీనిని శకటరేఫముతో వ్రాయవలయునందురు. కడుపు కాలినవానికి ఏ రేఫమైన నొకటే. ఈ మాట మన నాలుకపై నెంత పాతుకొనినదో చూడుడు: చాలకాలమునకు కలిసికొన్న బంధువులు కరువుతీర మాటలాడుకొందురు, కష్టముమీద కష్టము వచ్చినచో కరువులో అధికమాసమందురు. సుఖమును కొలుచుటకును కరువే, దుఃఖమును కొలుచుటకును కరువే. ఏటి వాన సుమారు 700 మిల్లీమీటర్లు దాటని కర్నూలు, కడప సీమలవారికి వేఱు కొలబద్ద యెక్కడిది?

పేరులో నేమున్నదని కొందఱు పెద్దలు మమ్ము మందలింపవచ్చును. ఇతరులు మందలించిన నొప్పుకొందుము గాని రాయలసీమవారు మందలింపరాదు. 1800లో నిజాము మన జిల్లాలను కుంపిణీవారికి ధారపోసినది మొదలు నూటయిరువదియెనిమిదేండ్లు మనము ‘దత్త మండలముల’ వారమని పిలువబడితిమి. ఒకరు ఇచ్చినవారము, వేఱొకరు పుచ్చుకొనినవారము. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా ‘రాయలసీమ’ యను పేరు పెట్టుకొని తల యెత్తితిమి. ఆ దినమున మన పొలమున నొక్క చినుకైనను అదనముగ కురియలేదు. అయినను ఆ పేరు మనకు వలసియుండెను.

ప్రభుత్వమునకు ‘ఫామిన్’ అను మాటయెడల భయము నిన్న మొన్న పుట్టినది కాదు. మన కడపలో 1820లో కొలువున చేరి తెలుగు నేర్చి, మన వేమనను అచ్చువేయించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను నెఱుగనివారు లేరు. కడపలో ఆయన బంగళా యున్న స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. ఆయన తరువాతి కాలమున గుంటూరులో అధికారిగా నుండగా 1832–33లో నందన కరువు వచ్చినది. ఆ జిల్లాలో లక్షకు పైగా జనము నశించిరి. కన్నులార చూచిన బ్రౌను చెన్నపట్టణమునకు వ్రాసిన కాగితములలో ‘ఫామిన్’ అని వ్రాసెను. పైయధికారులకు శవములకంటె ఆ మాటయే యెక్కువ వెఱపు పుట్టించినది. ‘కొఱత’ అని వ్రాయక ఇంత కఠినమైన మాట యేల వాడితివని మందలింపు వచ్చినది. జీవితమంతయు మాటల యర్థములు వెదకుటలో గడపినవాడు, ఒక్క మాటను సరియైన యర్థమున వాడినందుకు మాటపడెను! నిఘంటుకారునికి ఇంతకు మించిన సన్మానమేమి కావలయును?

నలువది నాలుగేండ్ల పిదప ధాత కరువు వచ్చినది. 1876లో వానలు తప్పినవి. 1878 దాక జనము కోలుకొనలేదు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో లిట్టను ప్రభువు విక్టోరియాను చక్రవర్తినిగా చాటుచు దర్బారు తీర్చియుండగా ఇచ్చట మన తాతముత్తాతలు ఆకులలములు మేసిరి. అదే మాసమున సర్ రిచర్డ్ టెంపుల్ చెన్నరాజధానికి వచ్చి, పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానికి తోడు ఒక అణా చాలునని తేల్చెను. ఆడుదానికి, బిడ్డలకు అంతకంటె తక్కువ. రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ అను వైద్యుడు, ఆ కూలితో మన్ను మోయు మనిషి బ్రదుకడని వాదించి పోరాడెను. కొన్ని నెలలకు గాని ఆ కూలి హెచ్చింపబడలేదు. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లాలో ప్రజలు సుమారు నాలుగవ వంతు తగ్గిరి. నలుగురు కూర్చున్న యరుగుమీద ముగ్గురు మిగిలిరని చెప్పిన లెక్క బోధపడును.

ఈ చావులు లోకమున రచ్చకెక్కిన తరువాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతను ఒక సంఘము కూర్చుండి 1880లో నివేదిక సమర్పించినది. దాని వెంబడి 1883 మొదలు రాజధానులలో ‘ఫామిన్ కోడు’లు పుట్టినవి. మేము పరప్రభుత్వమును పొగడుటకు కలము పట్టినవారము కాము. ఆ కోడులో పిసినితనము నిండుగ నున్నది; ఆకలిగొన్నవానిని మొదట దొంగగా నెంచి, రాళ్లు కొట్టించి, ఆ తరువాతనే గంజి పోసినది. అయినను న్యాయవాదులమగుటచే నిజము చెప్పక తప్పదు. ఆ కోడు ఒక మాటను ఒక బాధ్యతకు ముడివేసినది. ఇన్ని గుర్తులు కనబడినచో అధికారి పైకి వ్రాయవలయును. పరీక్షకై పనులు పెట్టవలయును. జనము గుమిగూడినచో ‘ఫామిన్’ అని ప్రకటింపవలయును. ప్రకటించిన పిదప పని, కూలి, గంజి, తక్కావీ, శిస్తు వాయిదా తమంతట తాము వెంట రావలయును. శాసనమున నొక మాట యుండుట యనగా అర్జీదారునికి నిలుచుటకు జానెడు చోటుండుట. ఆ మాటను తీసివేసినచో అర్జీదారుడు బయట నిలువవలసినదే.

ముడి బిగిసిన వెంటనే దానిని తప్పించుకొను విద్యయు పుట్టినది. 1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు కలకత్తా వీథులలోను, పల్లెలలోను రాలిపోవుచుండగా అక్కడి ప్రభుత్వము ఫామిన్ కోడు ననుసరించి ఫామిన్ ప్రకటింపలేదు. ప్రకటించినచో కోడు చెప్పిన ధాన్యమును ఈయవలసివచ్చును. ఈయదలచుకొనలేదు గావున ప్రకటింపలేదు. ఆగస్టులో స్టేట్స్‌మన్ పత్రిక వీథులలోని శవముల ఛాయాపటములను ప్రచురించినది. పటములు లోకమంతయు చూచినది. ప్రకటన మాత్రము వెలువడలేదు.

పరాయివారు పోయిరి, 1947లో స్వరాజ్యము వచ్చినది. 1952లో మన రాయలసీమలో మరల గంజి కేంద్రములు తెఱువవలసివచ్చినది. అప్పటికింకను ‘ఫామిన్’ అనుటకు ఎవరును జంకలేదు. స్వరాజ్యములో నీ మాటపై పడిన మొదటి దెబ్బ మనవైపున గాక మహారాష్ట్రమున పడినది. 1963లో అక్కడి శాసనసభ, ఆ రాష్ట్రమున అమలులోనున్న చట్టములన్నిటినుండియు ‘ఫామిన్’ అను పదమును తొలగించుటకై ప్రత్యేకముగ నొక చట్టమును చేసినది. కరువు పరిస్థితి కలుగుటకే యవకాశము లేనంత జాగ్రత్తగ ప్రభుత్వము కనిపెట్టియున్నది గావున ఆ మాటకు కాలము చెల్లినదని వారి వాదము. వానదేవుడు ఆ చట్టమును చదివినట్లు లేదు. తొమ్మిదేండ్లకు, 1972లో, మహారాష్ట్రమున నోరెండి లక్షలాది జనము రోడ్ల పనులలో రాళ్లు కొట్టిరి. ఆ ప్రభుత్వము పనులు విరివిగ పెట్టినందున పెద్దచావులు తప్పినవి. ఆ సంగతి మేము మనసార నొప్పుకొందుము. ఆ గొప్పతనము పెట్టిన పనులది, తుడిచివేసిన మాటది కాదు.

‘ఫామిన్’ పోయిన చోట ‘స్కేర్సిటీ’ కొంతకాలము కూర్చుండెను. దాని తరువాత ‘డ్రౌట్’ వచ్చెను. ఆకలి పోయి ఎండ మిగిలినది. కడుపునుండి చూపు ఆకాశమునకు మఱలినది. ఆకాశమును నిందించిన నెవరికిని సంజాయిషీ యిచ్చుకొననక్కఱలేదు గదా! చిత్రమేమనగా ఆ ‘డ్రౌట్’కును ఇప్పుడు కాలము మూడినది. 2016 జనవరిలో భారత వాతావరణ శాఖవారు ఇకమీదట తమ వ్రాతలలో ‘డ్రౌట్’ అను మాటను వాడమని నిర్ణయించుకొనిరి. దేశమంతట వాన తప్పిన యేడు ‘లోటు సంవత్సరము’. మిక్కిలిగ తప్పిన యేడు ‘పెద్దలోటు సంవత్సరము’. మా యర్జీని చూచిన యుద్యోగి నోట వచ్చిన ‘లోటు’ ఎచ్చటినుండి దిగివచ్చినదో చదువరులకు బోధపడియుండును. లోటు అనునది జమాఖర్చు పుస్తకపు మాట. అంకె క్రింద అంకె వేసి తీసివేసిన మిగులునది. దానికి కడుపు లేదు, కన్నీరు లేదు.

శాస్త్రజ్ఞులు వానను కొలుచుటకు ఏ మాట వాడుకొన్నను మాకు జగడము లేదు. వారి కొలత వారిది. వాన కొలతకై పుట్టిన మాటను తెచ్చి మనుష్యుని ఆకలికి తొడుగుటయే మాకు సమ్మతము కాదు. అదే 2016లో, డిసెంబరు మాసమున, కేంద్ర ప్రభుత్వమువారు అనావృష్టి నిర్వహణకై క్రొత్త నియమావళిని వెలువరించిరి. అందులో కరువు ‘మధ్యమము’, ‘తీవ్రము’ అని రెండు తెగలు. తీవ్రమైనదానికే కేంద్ర సహాయనిధి. మధ్యమమైనచో రాష్ట్రము తన తిప్పలు తాను పడవలయును. ఒక్క విశేషణముపై నెన్ని వేల కాపురములు వ్రేలాడుచున్నవో చూచితిరా? పేరులో నేమున్నదను పెద్దలకు ఇంతకంటె విడమఱచి చెప్పజాలము.

ఇక ప్రతిపక్షమువారి బలమైన వాదమును దాచక చెప్పెదము. “నేడు ధాత కరువునాటివలె జనము వీథులలో పడి చచ్చుట లేదు, చౌకదుకాణములో బియ్యము దొరకుచున్నది, కావున మీరు ‘ఫామిన్’ అనుట అతిశయోక్తి, నిజముగ ఫామిన్ ఉన్న దేశములను అవమానించుట” అని వారందురు. బియ్యము దొరకుచున్నమాట నిజము. అది స్వరాజ్యము చేసిన మంచిపనులలో నొకటి. ప్రపంచమున నేడు అంతర్జాతీయ సంస్థలు ఫామిన్ అని చెప్పుటకు కొలతలు పెట్టుకొన్న మాటయు నిజమే: పదివేలమందికి దినమునకు ఇద్దఱు చొప్పున ఆకలిచావులు మొదలైన లెక్కలు. 2011లో సొమాలియాలోను, 2017లో దక్షిణ సూడానులోను ఆ కొలత నిండినది. ఆ కొలతతో చూచిన మన పడమటి మండలములలో ఫామిన్ లేదు. సరే.

అయితే ఆ పాత కోడు చావును లెక్కించుటకు పుట్టినది కాదు. చావు రాకముందు మేలుకొనుటకు పుట్టినది. ధరలు పెరుగుట, అప్పు పుట్టకపోవుట, దొంగతనములు హెచ్చుట, జనము ఊళ్లు విడిచి తిరుగాడుట – ఇవి అది చెప్పిన ముందుగుర్తులు. కడపటి గుర్తును చూడుడు. వాన తప్పిన యేట కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు ప్రాంతములనుండి సంసారములకు సంసారములు గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును, ప్రత్తి తీయుటకును బండ్లెక్కి పోవును. ఇండ్లకు తాళములు, అరుగులపై ముసలివారు, బడిలో సగము బల్లలు ఖాళీ. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలకై ప్రభుత్వమే ఆ కాలమునకు వసతిగృహములను నడుపవలసివచ్చినది. తెల్లదొరల కోడు దీనిని ప్రమాదసూచన యనినది. మన దొరలు దీనిని ‘కాలానుగుణమైన వలస’ యందురు, కొంగలు వచ్చిపోయినట్లు! పైగా ‘ఫామెస్’ అనగా ఆకలియే గాని చావు కాదని మొదటనే మనవి చేసియున్నాము.

ఇచ్చట నొక్క విషయము చెప్పక కలము ముందుకు సాగదు. ఉద్యోగులకు ధరలు పెరిగినపుడెల్ల జీతముతోపాటు ఇచ్చు సొమ్మును ఇంగ్లీషున ‘డియర్‌నెస్ అలవెన్సు’ అందురు. మన తెలుగు కాగితములలో దానికి పేరు ‘కరువు భత్యము’. ఏటికి రెండుమార్లు, జనవరికి జూలైకి, అది లెక్కగట్టబడును. ఉద్యోగుల సొమ్ము మీద మాకు కన్నులేదు. ధరలు వారికిని పెరుగును, వారికిని బిడ్డలుందురు. కాని వింత చూడుడు. నెలజీతగాని సంచిలో కరువు కలదు. దానికి లెక్క కలదు, భత్యము కలదు. వేరుసెనగ కాయలోని గింజ మాడిపోయిన రైతు పొలములో మాత్రము కరువు లేదు. అక్కడ లోటు కలదు.

మాట మిగిలియున్నచోట ఏమి జరుగునో రెండు వ్యాజ్యములు చెప్పుచున్నవి. రాజస్థానమున 1962 నాటి ఫామిన్ కోడు చట్టపుస్తకములనుండి తొలగింపబడక మిగిలియుండెను. 2001లో ప్రభుత్వ గిడ్డంగులలో ధాన్యము ముక్కిపోవుచుండగా అక్కడి పల్లెలు పస్తులున్నప్పుడు, పౌరహక్కుల సంఘమువారు ఆ కోడునే చేతబట్టి సుప్రీముకోర్టు మెట్లెక్కిరి. ఆ వ్యాజ్యమునుండియే దేశమంతట బడిపిల్లలకు మధ్యాహ్నము వండిన అన్నము పెట్టవలయునను ఆజ్ఞ వెలువడినది. మహారాష్ట్రము తుడిచివేసినదానిని రాజస్థానము మఱచిపోయి యుంచినందున దేశపు బిడ్డలకు మేలు కలిగినది. రెండవది 2016 మే 11వ తేదీన స్వరాజ్ అభియాన్ వ్యాజ్యమున న్యాయమూర్తులు లోకూరు, ఎన్.వి. రమణగారలిచ్చిన తీర్పు. కరువును కరువని ప్రకటించుటకు కొన్ని రాష్ట్రములు వెనుదీయుటను వారు గట్టిగ తప్పుపట్టిరి. ఆ తీర్పు చెప్పినందుననే పైని చెప్పిన డిసెంబరు నియమావళి వచ్చినది. న్యాయస్థానము ప్రకటింపుమని తఱిమిన, నియమావళి విశేషణముల కంచె వేసినది. ఈ నేర్పును మేము మెచ్చుకొనక తప్పదు.

జనము మాత్రము ఈ నేర్పునకు లొంగలేదు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన పొరుగున అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రధానమంత్రి గ్రామీణ ఉపాధి హామీ పథకమును ఆరంభించిరి. దానికి చట్టము పెట్టిన పేరు మిక్కిలి పొడవైనది. ఆ పనికి పారపట్టి పోయిన మన ఆడవారు దానికి రెండే మాటలలో పేరు పెట్టిరి: ‘కరువు పని’. తాతలనాడు చెఱువుకట్టపై మన్ను మోసినప్పటి పేరే యది. ఏ కచేరీయు వారికి ఆ పేరు నేర్పలేదు. ఏ సుత్తరువును దానిని మాన్పలేకపోయినది.

పఠన మందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువువారిలో పలువురు ఊరివారికి అర్జీలు వ్రాసిపెట్టువారున్నారు. వారికి మా మనవి యిది. తెలుగు ప్రతిలో ‘కరువు’ అని వ్రాయుడు. ఇంగ్లీషు ప్రతిలో ‘ఫామిన్’ అని వ్రాయుడు. ఎన్ని కుటుంబములు ఊరు విడిచినవో, అప్పునకు వడ్డీ యెంత యైనదో, ఎన్ని పశువులు సంతకు పోయినవో లెక్కతో వ్రాయుడు; కోడు చెప్పిన గుర్తులివి యని పేర్కొనుడు. దిద్దుకొని రమ్మన్నచో, ఏ చట్టము ననుసరించి దిద్దవలయునో వ్రాతమూలముగ తెలుపుడని యడుగుడు. కాగితము ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తీసికొనుడు.

మా రైతుల యర్జీని మేము దిద్దలేదు. మఱునాడు ఆ కాగితమునే మరల తీసికొనిపోయితిమి. ఉద్యోగి తల పంకించి, ముద్ర వేసి, రసీదు చేతికిచ్చెను. ఆ రసీదు మా బల్లమీద నున్నది. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.